కుడిచెవిని దాచుకున్న సారు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లలో రాఘవేందర్ సారు డౌట్ల డబ్బా గురించి తెలియనివాళ్లు తక్కువ. క్లాసు మధ్యలో చెయ్యెత్తి అడగడం ఆయన దగ్గర కుదరదు. అనుమానం ఏదైనా ఉంటే చిట్టీ మీద రాసి, బల్ల మీదున్న బిస్కెట్ల డబ్బాలో వేయాలి. మర్నాడు పాఠం మొదలుపెట్టే ముందు సారు ఒక్కో చిట్టీ విప్పి, పైకి చదివి, జవాబు చెబుతాడు. రాసేటప్పుడే సగం అనుమానాలు తీరిపోతాయన్నది ఆయన చెప్పే కారణం. ఇదేదో గొప్ప బోధనా పద్ధతి అనుకొని పక్క వీధిలోని రెండు కోచింగ్ సెంటర్లు కూడా డబ్బాలు పెట్టుకున్నాయి. అసలు సంగతి సారుకు వినపడదు, అంతే.

చిక్కడపల్లిలోనే పుట్టి పెరిగిన మనిషి. తండ్రికి నారాయణగూడలో పుస్తకాల దుకాణం ఉండేది. సారు కూడా ఒకప్పుడు గ్రూప్-వన్ కలగన్నవాడే. నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ గడపదాకా వెళ్లి తిరిగొచ్చి, చివరికి ఆ పరీక్షకు పాఠాలు చెప్పేవాడయ్యాడు. ఆ వీధుల్లో బోర్డుల మీద ఫొటోలు పడ్డ సార్లలో సగం మందిది ఇదే చరిత్ర. ఇప్పుడాయనకు యాభై ఏడు. జీవశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు. కప్ప గుండెకు ఎన్ని గదులో, బొద్దింకకు ఎన్నో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కాకపోతే లేపడానికి భుజం పట్టి ఊపాలి, పిలిస్తే లాభం లేదు.

కుడిచెవి నలభై మూడో ఏట పోయింది. పోయిందని ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఫోను కుడిచెవికి పెట్టుకొని, అవతలివాళ్లు మాట్లాడటం లేదని కసిరి, రెండుసార్లు సిమ్ము మార్చాడు. మేనత్తకూ నడివయసులో ఇలాగే అయిందని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. ఎడమచెవి మాత్రం అలా ఒక్కసారి చేతులెత్తేయలేదు. ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చింది. ముందు కుక్కర్ విజిల్, తర్వాత కాలింగ్ బెల్లు, ఆ తర్వాత ఆడవాళ్ల సన్నని గొంతులు. వినికిడి మెషీన్ పెట్టుకుంటే, సద్దుమణిగిన గదిలో ఎదురుగా కూర్చున్న మనిషి మాట అర్థమవుతుంది. క్లాసులో నూట ఇరవై మంది, ఆరు ఫ్యాన్లు, కింద రోడ్డు. అక్కడ ఆయన చెప్పగలడు గానీ వినలేడు. డబ్బా పుట్టింది అప్పుడే.

విడ్డూరం ఏమిటంటే, చెవి పాఠం ఆ వీధిలో ఆయనంత బాగా చెప్పేవాళ్లు లేరు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉంటుంది, అందులో రోమకణాలుంటాయి. ఒక్కో కణం నెత్తిన చిన్న కుచ్చు. శబ్దం తాకితే ఆ కుచ్చు ఊగుతుంది, ఊగితే నరానికి కబురు పోతుంది, మెదడు ఆ కబురును మాటగా పోల్చుకుంటుంది. పుట్టేటప్పుడు చెవికి పదిహేను వేల దాకా ఉంటాయి. "చేపకు, కోడికి అవి పోతే మళ్ల మొలుస్తయి. మనకు మొలవయి. బిట్టు ఇది, రాసుకోండి" అని ఏళ్ల తరబడి చెప్పాడు. తన చెవుల్లోవి రాలిపోతున్న రోజుల్లో కూడా అదే గొంతుతో చెప్పాడు.

నాలుగేళ్ల కింద భార్య రాగిణి పోరు పడలేక హైదర్‌గూడలో చెవుల డాక్టర్ సింధూర దగ్గరికి వెళ్లాడు. ఆమె పరీక్షలన్నీ చేయించి, కాగితం మీద గీతలు గీసి చూపిస్తూ మెల్లగా, గట్టిగా చెప్పింది.

"కుడిచెవికి మెషీన్ ఇక పనిచేయదండీ. ఇంప్లాంట్ చేయిద్దాం. లోపలికి సన్నటి తీగ పంపిస్తాం. అది చచ్చిపోయిన కణాలతో పని లేకుండా నరానికే నేరుగా కబురు పంపుతుంది."

"ఆ తీగ లోపలికి పోయినంక, ఇంక మిగిలినయి ఏమైతయి డాక్టరు గారూ?"

"మిగిలినవి ఏమైనా ఉంటే అవి కూడా దెబ్బతినొచ్చు."

"అయితే వద్దు" అన్నాడు సారు.

అని ఊరుకోలేదు. డాక్టరుకే పాఠం చెప్పాడు. రోమకణాలు పోయినా వాటి పక్కన ఆసరాగా ఉండే కణాలు కొన్ని మిగులుతాయి, కోళ్లలో ఆ పక్క కణాలే కొత్త రోమకణాలుగా మారతాయి, మనిషిలో కూడా వాటిని మందుతో తట్టి లేపాలని శాస్త్రజ్ఞులు పాటుపడుతున్నారు. ఎలుకల్లో కొంతవరకు లేచాయి కూడా.

"ఐదేండ్లల్ల వస్తదంటున్నరు. అప్పటిదాంక నా చెవి లోపల చక్కగ ఉండాలె గద. తీగ పెట్టి చెడగొట్టుకుంటే ఆ మందు వచ్చి ఏం లాభం?"

డాక్టర్ సింధూర ఓపికగా విన్నది. "మీరు చెప్పింది తప్పని నేననను. కానీ ఆ మందు ఎప్పుడొస్తుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పని లేని నరం ఏటికేడు మొద్దుబారుతుంది. అదొక్కటీ నాకు తెలుసండీ."

సారు నమస్కారం పెట్టి లేచాడు.

ఆటోలో రాగిణి ఉండబట్టలేకపోయింది. నారాయణగూడలోని ఒక బడి ఆఫీసులో పనిచేసే మనిషి, రోజుకు యాభై మందికి సమాధానం చెప్పే నోరు. "మీ స్టూడెంట్లకేమో గ్రూప్-ఫోర్ వచ్చిందంటే ముందు చేరుండ్రి, తర్వాత గ్రూప్-వన్ రాస్కోండ్రి అంటరు. మీ కాడికొచ్చేసరికి గ్రూప్-వన్నే కావాల్నా?" అన్నది. హిమాయత్‌నగర్ ట్రాఫిక్‌లో ఆయనకు ఒక్క ముక్క వినపడలేదు. ఇంటికెళ్లాక, తలుపు వేశాక, ఎడమచెవి దగ్గర మళ్లీ అనాల్సి వచ్చింది. కోపంగా అన్న మాటను రెండోసారి గట్టిగా అనే సరికి అందులో కోపం ఉండదు, ఆయాసమే మిగులుతుంది.

అట్లా ఆమె మాటలు తగ్గాయి. దీనికి ఆమెనేమీ అనడానికి లేదు. ముందు హాస్యాలు పోయాయి, ఎందుకంటే అరిచి చెప్పిన హాస్యానికి ఎవరూ నవ్వరు. తర్వాత బడి ముచ్చట్లు పోయాయి. వరంగల్‌లో ఉన్న కూతురి సంగతులు ఫోన్లో చదివి తెలుసుకోవడం అలవాటైంది. చివరికి అన్నం, తలుపు, మందులు, కరెంటు బిల్లు మిగిలాయి. ఎదురెదురుగా కూర్చొని తింటూ ఇద్దరూ గోడ మీద క్యాలెండర్‌ను చూసేవాళ్లు. ఆ పెరగాల్సిన కణాలు పెరిగాక మళ్లీ అన్నీ మాట్లాడుకోవచ్చని సారు అనుకున్నాడు. ఆమె ఏమనుకున్నదో ఆయన అడగలేదు.

సైన్సు సారు కాబట్టి ఆశ కూడా పద్ధతిగానే పెట్టుకున్నాడు. ఒక ఆకుపచ్చ ఫైలు కొన్నాడు. పొద్దున చిక్కడపల్లి గ్రంథాలయంలో, పేపర్ల కోసం తోసుకునే నిరుద్యోగుల మధ్య నిలబడి సైన్సు పేజీలు వెతికేవాడు. దొరికినదాన్ని జిరాక్స్ తీయించి, తేదీ వేసి, ఫైల్లో పెట్టేవాడు. విదేశంలో ఒక కంపెనీ చెవిలోకి మందు ఎక్కించి చూస్తున్నదని చదివి, దానికి ఈమెయిల్ రాశాడు. మీ పేరు నమోదు చేసుకున్నామని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఆ జవాబును పదిసార్లు చదివాడు. ఎనిమిది నెలలకు అదే కంపెనీ గురించి ఇంకో వార్త: మందు ఎక్కించినవాళ్లకూ, ఉత్త నీళ్లలాంటిది ఎక్కించినవాళ్లకూ తేడా కనిపించలేదట, పరీక్ష ఆపేశారట. సారు దాన్ని కూడా నిజాయితీగా జిరాక్స్ తీయించాడు. ఫైల్లో మాత్రం అట్టడుగున పెట్టాడు.

తర్వాత పుట్టుచెవుడు పిల్లలకు చికిత్సతో వినికిడి వచ్చిందన్న వార్త అన్ని పేపర్లలోనూ పడింది. ఒక పాప తండ్రి పిలుపుకు తల తిప్పుతున్న ఫొటో. గ్రంథాలయంలో ఆ ఫొటో చూసి సారుకు కళ్లు చెమర్చాయి. ఆ రోజు డబ్బాలో ఒక చిట్టీ వచ్చింది. "సార్, రోమకణాలు తిరిగి పెరగవని పుస్తకంలో ఉంది. ఇప్పుడు పెరుగుతున్నాయి కదా?" అని. మామూలు రోజైతే ఒక్క మాటలో తేల్చేసేవాడు. ఆ రోజు బోర్డు వైపు తిరిగి, ‘తిరిగి పెరగవు’ అన్న మాట రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టాడు.

"పాత పుస్తకం మాట ఇది. కొట్టేసుకోండి. శాస్త్రం ముందుకు పోయింది" అన్నాడు. నూట ఇరవై పెన్నులు ఆ మాటను కొట్టేశాయి. ఇరవై ఆరేళ్లలో ఆధారం లేకుండా ఆయన చెప్పిన బిట్టు అదొక్కటే.

ఈ ఏడాది పరీక్షలో అదే వచ్చింది. నాలుగు వాక్యాలిచ్చి, సరైనవి గుర్తించమన్నారు. రెండో వాక్యం: మానవుని లోపలి చెవిలోని రోమకణాలు నశిస్తే తిరిగి పెరగవు. ప్రాథమిక కీ బయటికొచ్చింది, అందులో ఆ వాక్యం సరైనదే. అభ్యంతరాలుంటే ఆధారాలతో మూడు రోజుల్లో పంపాలి. కీ వచ్చిన మూడు రోజులు అశోక్‌నగర్‌లో ఎవరూ సరిగా తిండి తినరు. పుస్తకాలు పట్టుకొని సార్ల చుట్టూ తిరుగుతారు, ఒక్క మార్కు కోసం.

సంయుక్త రెండో రోజు మధ్యాహ్నం వచ్చింది. ఐదేళ్లుగా అక్కడే హాస్టల్లో ఉండి చదువుతున్న అమ్మాయి, ముప్ఫైకి దగ్గర పడింది. వెంట సెంటర్ నడిపే ఉదయ్ కుమార్ కూడా ఉన్నాడు. ఆయన తనకు చేతనైనంత గట్టిగా చెప్పాడు. "సార్, ఈమెకు ఒక్క మార్కు మీద ఉన్నది. రెండో వాక్యం తప్పని పెట్టింది. మీ దగ్గర ఫైలుంది గద, జర ఆధారం చూపెట్టి అబ్జెక్షన్ రాసియ్యండి."

సంయుక్త తన నోటుబుక్కు తెరిచి ముందు పెట్టింది. ‘తిరిగి పెరగవు’ మీద స్కేలు పెట్టి కొట్టిన గీత. పక్కన ఆ రోజు తేదీ, కింద ‘సార్ చెప్పారు’.

సారుకు ముందు భయం వేయలేదు, నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది. ఏళ్లుగా పోగేసినది ఒకరి పనికి వస్తున్నది. ఫైలు తెప్పించుకొని ఖాళీ క్లాసులో కూర్చున్నాడు. ఫారంలో ‘ఆధారం’ అన్న గడి ముందు పెట్టుకొని, మొదటి కాగితం తీశాడు. ఎలుకలు. రెండోది కోడిపిల్లలు. మూడోది గాజు పాత్రలో పెంచిన కణాలు. తర్వాతిది మళ్లీ ఎలుకలు, అవి కూడా అప్పుడే పుట్టినవి. పుట్టుచెవుడు పాప వార్త తీశాడు. అది తానూ చదివినదే, అర్థమైనదే. ఆ పాప చెవిలో రోమకణాలు మొదటినుంచీ ఉన్నాయి. అవి పనిచేయడానికి కావాల్సిన ఒక్క వస్తువు లేదు, దాన్ని అందించారు. అక్కడ ఏదీ కొత్తగా మొలవలేదు. ఇది తెలిసే ఆ రోజు బోర్డు మీద గీత కొట్టాడు.

ప్రతి కాగితంలోనూ అవే మాటలు. అవకాశం ఉంది. ఆశిస్తున్నారు. రాగల సంవత్సరాల్లో. ఎర్ర పెన్నుతో వాటి కింద గీతలు పెడుతూ పోయాడు. ఒక్క మనిషి చాలు, చెవిలో కణాలు మొలిచి మళ్లీ విన్న ఒక్క మనిషి. డెబ్భై మూడు కాగితాల్లో ఆ ఒక్కడు లేడు. ఇన్నేళ్లూ ఆయన ఈ కాగితాలను ఆకలిగొన్నవాడు మెనూ చదివినట్టు చదివాడు. పరీక్ష దిద్దేవాడిలా చదవడం ఇదే మొదటిసారి. సంయుక్త బతుకు ఒక్కటే కాదు, తన నాలుగేళ్లు కూడా ఆ గడి ముందు నిలబడి ఉన్నాయని తెలిసి ఎర్ర పెన్ను పక్కన పెట్టాడు.

అటెండర్ ఈదయ్య చాయ్ తెచ్చి పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రానికి సంయుక్త వచ్చింది.

"ఆధారం లేదమ్మా" అన్నాడు సారు. "కీ కరెక్టే. నేనే తప్పు చెప్పిన."

ఆమె ఆయనకు సరిగ్గా ఎదురుగా వచ్చి, వెలుతురు తన ముఖం మీద పడేలా జరిగి, పెదవులు విప్పి ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "ఏం గాదు సార్. మీరు పరేషాన్ కాకండి." ఆమె నిలబడిన తీరు చూస్తే అది అలవాటైన పని అని తెలిసిపోతోంది. క్లాసు మొత్తానికి ఎప్పటినుంచో తెలుసన్నమాట. తెలిసే చిట్టీలు రాశారు. సారు తల దించుకొని ఫైలు తాడు కట్టుకున్నాడు, ముడి సరిగా పడలేదు.

ఆమెకు ఉద్యోగం రాలేదు. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎంపికైనవాళ్ల జాబితా ఆయనే మూడుసార్లు చూసుకున్నాడు.

ఆ జాబితా వచ్చిన వారమే రాగిణిని వెంటబెట్టుకొని హైదర్‌గూడ వెళ్లాడు. "చేయించుకుంట డాక్టరు గారూ" అన్నాడు, ఆలస్యంగా ఫీజు కట్టే విద్యార్థిలా. మళ్లీ పరీక్షలు. ఈసారి డాక్టర్ సింధూర కాగితం మీద గీతలు గీయడానికి కాస్త తటపటాయించింది.

"ఎడమచెవి కూడా బాగా తగ్గింది. ఇప్పుడు మనకు రెండు దారులున్నాయి. ఎడమకు చేస్తే ఫలితం బావుండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ నరం ఇంకా పనిలో ఉంది. కానీ మిగిలిన ఆ కాస్త సహజ వినికిడి పోవచ్చు. కుడికి చేస్తే పోయేదేం లేదు. వచ్చేదెంతో మాత్రం చెప్పలేనండీ. పద్నాలుగేళ్లుగా ఆ నరానికి మాట అందలేదు."

"నాలుగేండ్ల కింద చేసుంటే?"

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అప్పుడైతే కుడికే చేయమని ధైర్యంగా చెప్పేదాన్ని" అన్నది.

ఎడమచెవిలో మిగిలిన ఆ కాస్తలోనే రాగిణి గొంతు ఉంది. బొంగురుగా, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు ఉంటుంది, అయినా అది ఆమెదేనని తెలుస్తుంది. దాన్ని పందెం కాయడానికి ధైర్యం చాలలేదు. కుడికే చేయమన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడు వారాల తర్వాత చెవి వెనక పెట్టే యంత్రాన్ని ఆన్ చేసే రోజు. ఆ పని చూసే ఫణికిరణ్ మంచి ఓపికమంతుడు. ఒక్కో శబ్దం పంపి, వినపడితే చెయ్యెత్తమన్నాడు. సారు చెయ్యెత్తాడు. టిక్కు టిక్కుమని ఏదో అందుతోంది. ఫణికిరణ్ కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించాడు: మాటలు ఇప్పుడే తెలియవు, నెలలు పట్టొచ్చు, ఎంత తెలుస్తాయో ఇప్పుడే చెప్పలేం, రోజూ కాసేపు ఎడమ మెషీన్ తీసేసి కుడితోనే వినే సాధన చేయాలి. ఇంతకాలం ఒక్క పోటీ పరీక్షకైనా చదవని రాగిణి ఆ కాగితాన్ని మడిచి పర్సులో భద్రంగా పెట్టుకుంది.

ఇంటికొచ్చాక ఆమె ఫ్యాను ఆపింది. వీధి వైపు కిటికీలు మూసింది. ఎడమచెవి మెషీన్ తీసి బల్ల మీద పెట్టమని సైగ చేసి, ఎదురుగా కుర్చీ లాక్కొని కూర్చుంది. పెదవులు కదిలాయి. "వినపడుతుందా?" అని పెదవులను బట్టి తెలిసింది. చెవిలో మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఒక చప్పుడు, అది ఆడగొంతో మగగొంతో కూడా తెలియదు.

ఆమె ముఖం చూశాడు. మూడు వారాలుగా చెవికట్టు విప్పుతూ, దూదితో తుడుస్తూ, ఒక్క నిష్ఠూరం కూడా ఆడని ముఖం. ఈ ఒక్క మాటకు ఆమె సంతోషపడితే చాలు, మిగతాది సాధనలో వస్తుందిలే అనుకున్నాడు.

"వినపడుతుంది" అన్నాడు. "నీ మాట తెలుస్తంది."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంక అరవాల్సిన పని లేదనుకుంది కాబట్టి మెల్లగా, ఇంక ముఖం చూపించాల్సిన పని లేదనుకుంది కాబట్టి తల వంచి, తన చేతుల వైపు చూసుకుంటూ మాట్లాడింది. పెదవులు కనిపించలేదు. గులకరాళ్ల చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది. పెళ్లయిన కొత్తలో ఆమె ఇలాగే మాట్లాడేది, వంటింట్లోంచి, బాల్కనీలోంచి, పడుకునే ముందు. ఇప్పుడు నాలుగేళ్లుగా అరిచి చెప్పలేక మింగినవన్నీ బయటికి వస్తున్నాయని మాత్రం సారుకు తెలుస్తోంది. ఒకచోట ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. ఇంకోచోట కళ్లు తుడుచుకుని, చాలాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. ఆపమందామని ఆయన రెండుసార్లు నోరు తెరిచాడు. ఆపితే నిజం చెప్పాలి.

దాదాపు అరగంట అయింది. చివర్లో ఆమె ఏదో అడిగి తల ఎత్తింది. ఎత్తేసరికి ప్రశ్న అయిపోయింది, పెదవులు మూసుకున్నాయి. ఆమె జవాబు కోసం చూస్తోంది, భయపడుతూ చూస్తోంది. సారు మెల్లగా తల ఊపాడు.

రాగిణి పెద్దగా ఊపిరి వదిలింది. ఆయన చేతిని దగ్గరికి తీసుకొని, దాని మీద నుదురు ఆనించి అట్లాగే ఉండిపోయింది. దేనికి తాను సరే అన్నాడో, ఆమె చేసిన దేన్ని క్షమించాడో, లేక తనను ఆమె క్షమించిందో సారుకు తెలియదు. మళ్లీ చెప్పమని అడిగే దారి కూడా లేదు.